జీమెయిల్‌లో పాత ఫిల్టర్లు ఎట్లా తీసేయాలి? బయ్యర్ల మెయిల్స్ ఇన్‌బాక్స్‌కి రావడం లేదు

మామిడిగుజ్జు_చిత్తూరు

అందరికీ నమస్కారం. చిత్తూరు పక్కన ఒక మామిడి గుజ్జు యూనిట్ ఆఫీసులో పని చేస్తున్నాను. కంపెనీ మెయిల్ ఈ సీజన్ నుంచి నా చేతికి వచ్చింది. అంతకుముందు అది చూసుకున్న అకౌంటెంట్ అన్న వేరే చోటికి వెళ్లిపోయాడు. ఆయన తన వీలు కోసం ఏవేవో రూల్స్ పెట్టుకున్నట్టున్నాడు, షిప్పింగ్ ఏజెంట్ మెయిల్స్ ఒక ఫోల్డర్‌లోకి, ల్యాబ్ రిపోర్టులు ఇంకో ఫోల్డర్‌లోకి పోతున్నాయి, బయ్యర్ల మెయిల్స్ అయితే ఎక్కడికి పోతున్నాయో కూడా తెలియడం లేదు.

నిన్న చెన్నై నుంచి షిప్పింగ్ ఏజెంట్ ఫోన్ చేసి, ఓడకి సరుకు చేర్చాల్సిన గడువు (కటాఫ్) మారిందని మెయిల్ పెట్టాం కదా, జవాబే ఇవ్వలేదేంటి, డ్రమ్ములు ఎప్పుడు లోడ్ చేస్తారు అని అడిగితే నాకు చెమటలు పట్టాయి. ఇన్‌బాక్స్‌లో ఆ మెయిల్ లేదు. స్పామ్‌లోనూ లేదు. వెతగ్గా వెతగ్గా ఒక పాత ఫోల్డర్‌లో దొరికింది, అది కూడా చదివేసినట్టు చూపిస్తోంది, నేను దాన్ని తెరవనే లేదు. తోతాపురి జోరుగా దిగుతున్న టైమ్ ఇది, గేటు బయట ట్రాక్టర్లు క్యూలో ఉన్నాయి, ఇప్పుడు ఒక్క మెయిల్ తప్పినా కంటైనర్ తప్పుతుంది.

ఈ రూల్స్ అన్నీ ఒకేసారి పీకేయాలంటే ఎట్లా? ఫోన్‌లో జీమెయిల్ యాప్ మొత్తం తిప్పి చూశాను, ఎక్కడా ఆ ఆప్షన్ కనబడలేదు. చాలా టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

కొర్లగుంట_టెక్కీ

అన్నా, ఫోన్ యాప్‌లో ఎంత వెతికినా దొరకదు. జీమెయిల్‌లో వీటిని ఫిల్టర్స్ అంటారు, వాటిని చూడాలన్నా తీసేయాలన్నా కంప్యూటర్‌లో బ్రౌజర్ నుంచే వెళ్లాలి. జీమెయిల్ తెరిచి పైన కుడిపక్క ఉండే చక్రం గుర్తు నొక్కండి, సీ ఆల్ సెట్టింగ్స్ అని వస్తుంది. అందులోకి పోతే పైన వరసగా ట్యాబ్స్ ఉంటాయి, వాటిలో ఫిల్టర్స్ అండ్ బ్లాక్డ్ అడ్రసెస్ అనేది మీకు కావలసింది.

అక్కడ ఒక్కో ఫిల్టర్‌కి రెండు లైన్లు కనిపిస్తాయి. మ్యాచెస్ అని ఉన్న లైన్ అది ఏ మెయిల్స్‌ని పట్టుకుంటుందో చెబుతుంది, డూ దిస్ అని ఉన్న లైన్ పట్టుకుని ఏం చేస్తుందో చెబుతుంది. పక్కనే ఎడిట్, డిలీట్ ఉంటాయి. కింద సెలెక్ట్ ఆల్ కొట్టి ఒకేసారి డిలీట్ కూడా చేయొచ్చు, రెండు నిమిషాల పని.

అర్జెంటుగా కంప్యూటర్ దొరక్కపోతే ఫోన్‌లోనే క్రోమ్ తెరిచి డెస్క్‌టాప్ సైట్ ఆన్ చేసుకుని అదే దారిలో వెళ్లండి. అక్షరాలు చిన్నగా కనబడి విసుగొస్తుంది గానీ పని అవుతుంది.

పలమనేరు_అక్క

ఆగు తమ్ముడూ, అన్నీ ఒకేసారి డిలీట్ కొట్టొద్దు. నేను ఆడిటర్ ఆఫీసులో పని చేస్తాను, మాకు క్లయింట్ల మెయిల్స్‌తో రోజూ ఇదే పని. జీమెయిల్‌లో ఫిల్టర్‌ని కాసేపు ఆపి పెట్టే స్విచ్ లేదు, ఉంటే ఉంటుంది, తీస్తే పోతుంది. అందుకని ముందు అన్నీ సెలెక్ట్ చేసి కింద ఎక్స్‌పోర్ట్ అనేది నొక్కు. ఒక చిన్న ఫైల్ డౌన్‌లోడ్ అవుతుంది. రేపు ఏదైనా మళ్లీ కావాలంటే అదే పేజీలో ఇంపోర్ట్ ఫిల్టర్స్ ద్వారా తిరిగి పెట్టుకోవచ్చు. ఆ ఫైల్ మీ దగ్గర ఉంటే పాత అకౌంటెంట్ ఏం చేశాడన్నదానికి రికార్డు కూడా ఉన్నట్టే.

తర్వాత ఒక్కొక్కటీ చదువు. డూ దిస్ దగ్గర వట్టి అప్లై లేబుల్ అని మాత్రమే ఉంటే దానితో ఏ ఇబ్బందీ లేదు, మెయిల్ ఇన్‌బాక్స్‌లోనే ఉంటుంది, మీద పేరు చీటీ పడుతుంది, అంతే. స్కిప్ ఇన్‌బాక్స్ అని ఉంటే మెయిల్ నీ కంటికి కనబడకుండా నేరుగా లోపలికి పోతుంది. దానికి తోడు మార్క్ యాజ్ రీడ్ కూడా ఉంటే చదవని మెయిల్స్ లెక్కలో కూడా కనబడదు, నీ షిప్పింగ్ మెయిల్‌కి జరిగింది ఇదే. డిలీట్ ఇట్ అని ఉంటే మాత్రం ఇప్పుడే, ఈ పోస్ట్ చదవడం ఆపి మరీ, ట్రాష్ తెరిచి చూడు. ట్రాష్‌లో పడిన మెయిల్ 30 రోజులకి శాశ్వతంగా పోతుంది, ఆ తర్వాత ఎవరినడిగినా రాదు. నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్ అని ఉన్నవి ఉంచు, అవి నీకు మేలు చేసేవే.

ఇంకో మాట, చాలామంది ఇక్కడే పొరబడతారు. ఫిల్టర్ తీసేస్తే ఇక ముందు వచ్చే మెయిల్స్ ఇన్‌బాక్స్‌కి వస్తాయి. ఇప్పటికే పక్కకు పోయినవి తిరిగి రావు, వాటిని మనమే తెచ్చుకోవాలి. ఎడమపక్క ఆ లేబుల్ మీద నొక్కి, పైన గడిలో టిక్ పెట్టి, సెలెక్ట్ ఆల్ కాన్వర్సేషన్స్ అని వచ్చే లైన్ కూడా నొక్కి, అప్పుడు మూవ్ టు ఇన్‌బాక్స్ కొట్టు. ఆ లైన్ నొక్కకపోతే ఆ పేజీలో కనబడేవి మాత్రమే కదులుతాయి.

ఎస్వీయూ_ఎంసీఏ

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి, నాదీ ఇలాంటిదే. నేను ఏ ఫిల్టరూ పెట్టలేదు, ఆ పేజీ ఖాళీగా ఉంది, అయినా ఇంటర్న్‌షిప్ మెయిల్స్ ప్రమోషన్స్ అనే దాంట్లోకి పోతున్నాయి. ఒక కంపెనీ టెస్ట్ లింక్ పంపితే గడువు అయ్యాక చూశాను. ఎట్లా ఆపాలి?

కొర్లగుంట_టెక్కీ

తమ్ముడూ, అది ఫిల్టర్ కాదు. 2013లో జీమెయిల్ ఇన్‌బాక్స్‌ని ట్యాబ్స్‌గా విడగొట్టింది కదా, ప్రైమరీ, సోషల్, ప్రమోషన్స్ అని, ఆ పంపకం గూగుల్ తనంతట తనే చేస్తుంది. కంపెనీలు ఒకే మెయిల్‌ని వేలమందికి పంపుతాయి కాబట్టి నీ టెస్ట్ లింక్ కూడా దానికి ప్రకటనలాగే కనబడుతుంది. సెట్టింగ్స్‌లో ఇన్‌బాక్స్ అనే ట్యాబ్‌కి పోయి కేటగిరీస్ కింద ప్రైమరీ తప్ప మిగతా టిక్కులన్నీ తీసేసి సేవ్ చేంజెస్ కొట్టు, అంతా ఒకే జాబితాలోకి వస్తుంది. అంతా కలిసిపోతే కష్టం అనుకుంటే ఆ కంపెనీ మెయిల్‌ని లాగి ప్రైమరీ మీద వదులు, ఇకమీదట కూడా ఇట్లాగే చేయమంటావా అని అడుగుతుంది, అవును అను. ప్లేస్‌మెంట్స్ జరిగినన్నాళ్లూ నువ్వు మొదటి దారిలోనే పో, ట్యాబ్స్ మళ్లీ ఎప్పుడైనా పెట్టుకోవచ్చు.

మామిడిగుజ్జు_చిత్తూరు

అక్కా, అన్నా, ఇద్దరికీ చాలా థాంక్స్. చెప్పినట్టే ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకుని ఒక్కొక్కటీ చదివాను. చాంతాడంత జాబితా ఉంది. ఎక్కువ భాగం మామూలువే, కరెంటు బిల్లు, కార్టన్ల సప్లయర్, గుజ్జు తీపి కొలత (బ్రిక్స్) రిపోర్టులు పంపే ల్యాబ్, ఇట్లాంటివి. షిప్పింగ్ ఏజెంట్ మీద పెట్టిన ఫిల్టర్‌కి స్కిప్ ఇన్‌బాక్స్, మార్క్ యాజ్ రీడ్ రెండూ ఉన్నాయి, అక్క చెప్పింది అక్షరాలా నిజం. అది తీసేశాను. ఒక్కటి డిలీట్ ఇట్ ఉంది, అది ఏదో ఎస్‌ఎంఎస్ ప్యాక్‌లు అమ్మే కంపెనీ మీద పెట్టింది, దానితో నష్టం ఏమీ లేదు. ట్రాష్ కూడా చూశాను, మనకు కావలసింది ఏదీ లేదు.

కానీ ఒకటి నాకు అర్థం కాలేదు. ఇన్వాయిస్ అనే పదం ఉన్న ప్రతి మెయిల్‌నీ ఫార్వర్డ్ టు అని ఇంకో జీమెయిల్ అడ్రస్‌కి పంపుతోంది. ఆ అడ్రస్ ఎవరిదో నాకు తెలియదు, ఆఫీసులో అడిగితే ఎవరికీ తెలియదు.

సర్వర్_సామి

ఇది వేరే సంగతి సామీ, జాగ్రత్తగా చదవండి. మెయిల్స్ సర్దుకోవడానికి పెట్టే ఫిల్టర్లు వేరు, మెయిల్స్‌ని బయటికి పంపే ఫిల్టర్లు వేరు. రెండో రకం కనబడితే, ఎవరు పెట్టారో తేలేదాకా దొంగ పనే అనుకుని నడుచుకోవాలి. పాత అకౌంటెంట్‌కి ఫోన్ చేసి అడగండి. ఆయనదే అయితే సరే, కాదంటే మీ అకౌంట్‌లోకి బయటివాళ్లు వచ్చినట్టే.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. ముందు ఆ ఫిల్టర్‌ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఆ తర్వాతే డిలీట్ చేయండి. పక్కనే ఉండే ఫార్వర్డింగ్ ట్యాబ్‌లోకి వెళ్లండి, అక్కడ ఆ అడ్రస్ ఇంకా జాబితాలో ఉంటుంది, దాన్నీ రిమూవ్ చేయండి. అకౌంట్స్ అనే ట్యాబ్‌లో గ్రాంట్ యాక్సెస్ అని ఒకటుంటుంది, అక్కడ ఎవరి పేరైనా ఉందేమో చూడండి, ఉంటే వాళ్లు మీ పాస్‌వర్డ్ లేకుండానే మీ మెయిల్ చదవగలరు. రికవరీ ఫోన్, రికవరీ మెయిల్ ఎవరివి ఉన్నాయో గూగుల్ అకౌంట్‌లో చూడండి, పాత ఉద్యోగి నంబర్ అట్లాగే ఉండిపోవడం చాలా ఆఫీసుల్లో జరిగేదే.

పాస్‌వర్డ్ మార్చేస్తే అన్నీ సర్దుకుంటాయని చాలామంది నమ్ముతారు. కాదు. పాస్‌వర్డ్ మార్చినా ఫిల్టర్ అట్లాగే ఉంటుంది, ఫార్వర్డింగ్ అట్లాగే ఉంటుంది. దొంగని గెంటేసి తలుపు వేసుకున్నా వాడు వేసిన పైపులోంచి నీళ్లు పోతూనే ఉంటాయి. అందుకే పాస్‌వర్డ్, ఫిల్టర్లు, ఫార్వర్డింగ్, రికవరీ వివరాలు, ఇవన్నీ ఒకేసారి కూర్చుని చూసుకోవాలి.

లాడ్జి_మేనేజర్_తిరుపతి

సర్వర్_సామి గారు చెప్పింది మాకు అనుభవంలోకి వచ్చింది, అందుకే ఇది రాస్తున్నాను, పొడుగైనా చదవండి. తిరుపతిలో రైల్వే స్టేషన్ దగ్గర మాది మామూలు లాడ్జి. బయటి రాష్ట్రాల టూర్ ఆపరేటర్లు గ్రూపులకి రూములు అడిగేది మెయిల్‌లోనే, అడ్వాన్స్ పంపేదీ మెయిల్‌లో మాట్లాడుకున్నాకే. మాది జీమెయిల్ కాదు, ఔట్‌లుక్. బ్రహ్మోత్సవాల ముందు ఒక ఆపరేటర్ ఫోన్ చేసి అడ్వాన్స్ వేసేశాం, రూమ్ నంబర్లు చెప్పండి అన్నాడు. మాకు డబ్బు రాలేదు. మీరు మార్చిన కొత్త అకౌంట్‌కే వేశాం అన్నాడు. మేము ఏ అకౌంటూ మార్చలేదు.

తెలిసిన కుర్రాడు ఒకడు వచ్చి చూశాడు. సెట్టింగ్స్‌లో మెయిల్, దాంట్లో రూల్స్ అని ఉంటుంది, అక్కడ ఒక రూల్ ఉంది. దాని పేరు ఏమిటో తెలుసా, వట్టి చుక్క. ఒకే ఒక ఫుల్‌స్టాప్. చూసే కంటికి అది రూల్ లాగానే కనబడదు, స్క్రీన్ మీద మచ్చ అనుకుంటాం. పేమెంట్, అడ్వాన్స్, బ్యాంక్ అనే పదాలు ఉన్న మెయిల్ ఏది వచ్చినా చదివేసినట్టు గుర్తు పెట్టి ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్స్ అనే ఫోల్డర్‌లోకి తోసేయమని అందులో రాసి ఉంది. ఆ ఫోల్డర్ ఒకటి ఉందన్న సంగతే మాకు తెలియదు, తెరిచి చూస్తే ఆపరేటర్ మెయిల్స్ అన్నీ అందులోనే ఉన్నాయి. వాడు మా అకౌంట్‌లో కూర్చుని మా పేరుతోనే జవాబులు ఇచ్చాడు, ఆపరేటర్ అడిగిన ప్రశ్నలు మాకు కనబడకుండా దాచాడు.

వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాం. ఆపరేటర్‌తో కూడా చేయించాం, ఎందుకంటే డబ్బు పోయింది ఆయన అకౌంట్ నుంచి. ఎంత తొందరగా చెబితే బ్యాంకులో ఆ డబ్బుని ఆపే అవకాశం అంత ఎక్కువ, ఒక పూట ఆగి చూద్దాం అనుకుంటే అది ఇంకో నాలుగు అకౌంట్లు దాటిపోతుంది. ఇన్వాయిస్ పంపే ప్రతి వ్యాపారీ రూల్స్ పేజీని అప్పుడప్పుడూ తెరిచి చూసుకోవాలని నేను ఇప్పుడు కనబడినవాళ్లందరికీ చెబుతున్నాను. మామిడిగుజ్జు తమ్ముడూ, మీ బయ్యర్లందరికీ ఈరోజే ఫోన్ చేసి, మా బ్యాంక్ అకౌంట్ మారలేదు, మారిందని మెయిల్ వస్తే మాకు ఫోన్ చేసి కనుక్కోకుండా డబ్బు వేయొద్దు అని చెప్పండి.

మామిడిగుజ్జు_చిత్తూరు

లాడ్జి అన్నా, చదువుతుంటేనే భయమేసింది. బయ్యర్లకి ఫోన్లు చేస్తున్నాం, గల్ఫ్ వాళ్లకి చెప్పేశాం, మిగతావాళ్లకి సాయంత్రం చేస్తాం.

పాత అకౌంటెంట్ అన్నతో మాట్లాడాను. ఆ అడ్రస్ ఆయనదే. కరోనా టైమ్‌లో ఇంటి నుంచి జీఎస్‌టీ లెక్కలు చేయడానికి ఓనర్‌తో చెప్పే పెట్టుకున్నాడంట, తర్వాత ఇద్దరూ మర్చిపోయారు. ఓనర్ కూడా అవునన్నారు. మనసు కుదుటపడింది. అయినా ఫిల్టర్ తీసేశాను, ఫార్వర్డింగ్ జాబితాలో అడ్రస్ కూడా తీసేశాను, గ్రాంట్ యాక్సెస్‌లో ఎవరూ లేరు. పాస్‌వర్డ్ మారుద్దామంటే ఓటీపీ ఓనర్ ఫోన్‌కి పోతుంది, ఆయన ఊళ్లో లేరు, రాగానే మారుస్తాం.

ఇంతవరకూ బాగుంది. అసలు చిక్కు ఇప్పుడు చెబుతాను. ఫిల్టర్లలో బయ్యర్ల మీద ఒక్కటీ లేదు. అనుమానం ఉన్నవన్నీ తీసేసినా ఈరోజు కూడా ఒక బయ్యర్ మెయిల్ వచ్చినట్టే వచ్చి మాయమైంది! పొద్దున ఇంట్లో ఫోన్‌లో నోటిఫికేషన్ చూశాను, ఇన్‌బాక్స్‌లో కూడా చూశాను. ఆఫీసుకి వచ్చి కంప్యూటర్ తెరిచేసరికి లేదు. ఏ లేబుల్‌లోనూ లేదు, ట్రాష్‌లో లేదు. ఆల్ మెయిల్‌లో మాత్రం ఉంది, ఏ పేరూ లేకుండా ఊరికే పడి ఉంది. ఇది ఎట్లా జరుగుతుంది?

ఎస్వీయూ_ఎంసీఏ

అన్నా, ఆ మెయిల్‌ని ఎవరైనా మ్యూట్ చేశారేమో. మ్యూట్ చేసిన సంభాషణకి కొత్త జవాబు వచ్చినా ఇన్‌బాక్స్‌కి రాదు, నేరుగా ఆర్కైవ్‌కి, అంటే ఆల్ మెయిల్‌లోకి మాత్రమే పోతుంది. సెర్చ్‌లో ఈజ్ అని రాసి, కోలన్ పెట్టి, మ్యూటెడ్ అని ఇంగ్లీషులో కొడితే అట్లాంటివన్నీ వస్తాయి. మా క్లాస్ గ్రూప్ మెయిల్‌కి ఇదే జరిగింది.

మామిడిగుజ్జు_చిత్తూరు

చూశాను తమ్ముడూ, ఒక్కటీ రాలేదు. పైగా ఇది ముందు ఇన్‌బాక్స్‌కి వచ్చి తర్వాత పోతోంది. మొదటినుంచీ రాకపోవడం కాదు.

సర్వర్_సామి

ఆ చివరి మాటలోనే జవాబు ఉంది. జీమెయిల్ ఫిల్టర్ అయితే మెయిల్ వచ్చిన క్షణంలోనే పని చేస్తుంది, మీరు దాన్ని ఇన్‌బాక్స్‌లో చూసే అవకాశమే ఉండదు. ఇంట్లో ఉన్నప్పుడు కనబడి, ఆఫీసు తెరిచాక మాయమైందంటే ఆ పని చేసేది జీమెయిల్ కాదు. మీ అకౌంట్‌కి కలిపి ఉన్న ఇంకేదో ప్రోగ్రామ్ ఎక్కడో ఆన్ అవుతోంది, అది మెయిల్స్‌ని లాక్కుపోతోంది.

కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి ఇన్‌బాక్స్ అడుగుకి పోండి. కుడిపక్క కింద చిన్న అక్షరాల్లో లాస్ట్ అకౌంట్ యాక్టివిటీ అని, దాని కింద డీటెయిల్స్ అని ఉంటుంది. నొక్కితే చిన్న కిటికీ తెరుచుకుంటుంది. అందులో యాక్సెస్ టైప్ అనే వరస చూడండి. బ్రౌజర్, మొబైల్ అని ఉంటే మీవే కావచ్చు. ఐమ్యాప్ అని గానీ పాప్ అని గానీ ఉంటే వేరే మెయిల్ ప్రోగ్రామ్ మీ మెయిల్స్‌ని తీసుకుంటున్నట్టు, దాని పక్కన ఐపీ అడ్రస్ (ఏ ఇంటర్నెట్ కనెక్షన్ నుంచో చెప్పే నంబర్) రాసుకోండి. అదే కిటికీలో ఈ కంప్యూటర్ ఐపీ ఇది అని కూడా చూపిస్తుంది, రెండూ పోల్చండి. పాస్‌వర్డ్ ఇంకా మార్చకపోవడం ఒకందుకు మంచిదే అయింది, మార్చి ఉంటే ఆ ప్రోగ్రామ్ తెగిపోయి, అదేంటో తెలియకుండానే పోయేది. కానీ చూసిన వెంటనే మార్చేయండి, ఆలస్యం చేయొద్దు.

మామిడిగుజ్జు_చిత్తూరు

సామి గారూ, ఐమ్యాప్ అని వరసగా ఉన్నాయి! ఐపీ కూడా మా ఆఫీసుదే, రెండూ ఒకటే.

సర్వర్_సామి

అయితే బయటి దొంగ కాదు, ఊపిరి పీల్చుకోండి. మీ ఆఫీసు ఇంటర్నెట్ మీదే ఉన్న ఏదో కంప్యూటర్‌లో ఔట్‌లుక్ గానీ థండర్‌బర్డ్ గానీ, అట్లాంటి మెయిల్ ప్రోగ్రామ్ ఉంది, దాంట్లో మీ అకౌంట్ కలిపి ఉంది. అకౌంటెంట్ వాడిన పాత కంప్యూటర్ ఇప్పుడు ఎక్కడుంది?

మామిడిగుజ్జు_చిత్తూరు

దొరికింది. వేబ్రిడ్జి గదిలో ఉంది.

అకౌంటెంట్ అన్న వెళ్లాక ఆ కంప్యూటర్‌ని తూకం చీటీలు కొట్టడానికి వేబ్రిడ్జి దగ్గరకి మార్చారు. పొద్దున ఆపరేటర్ వచ్చి ఆన్ చేయగానే ఔట్‌లుక్ దానంతట అదే తెరుచుకుని కింద పట్టీలో కూర్చుంటోంది, దాన్ని ఎవరూ ముట్టుకోరు. తెరిచి చూస్తే ఎడమపక్క పాత సంవత్సరాల పేర్లతో ఫోల్డర్లు, ఒక్కో బయ్యర్‌కి ఒక్కోటి, ఈరోజు మాయమైన మెయిల్ అక్కడ తాపీగా కూర్చుని ఉంది. అందులో ఫైల్ మెనూకి పోయి మేనేజ్ రూల్స్ అండ్ అలర్ట్స్ తెరిచాను, బయ్యర్ల రూల్స్ అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి, అన్నింటికీ టిక్ ఉంది. టిక్కులన్నీ తీసేసి ఓకే కొట్టాను. డిలీట్ ఇంకా చేయలేదు. సరేనా? ఆ ఫోల్డర్లలో ఉన్న మెయిల్స్ సంగతేంటి?

సర్వర్_సామి

సరిగ్గా చేశారు. జరిగింది ఇది. జీమెయిల్ ఫిల్టర్ గూగుల్ దగ్గర ఉంటుంది, మీ కంప్యూటర్లు అన్నీ ఆపేసినా అది పని చేస్తుంది. ఔట్‌లుక్‌లో ఐమ్యాప్ ద్వారా కలిపిన అకౌంట్‌కి పెట్టే రూల్స్ ఆ కంప్యూటర్‌లో ఉంటాయి, ఔట్‌లుక్ తెరిచి ఉన్నప్పుడే నడుస్తాయి. అందుకే వేబ్రిడ్జి గది తాళం తీసేదాకా మెయిల్ ఇన్‌బాక్స్‌లో ఉంది. ఆ రూల్ మెయిల్‌ని కంప్యూటర్‌లోని సొంత ఫైల్‌లోకి లాగి ఇన్‌బాక్స్ నుంచి తీసేసింది. అట్లా తీసేస్తే జీమెయిల్ మామూలుగా దాన్ని పూర్తిగా చెరిపేయదు, ఆర్కైవ్ చేస్తుంది, అందుకే పేరు లేకుండా ఆల్ మెయిల్‌లో కనబడింది. అది మీ అదృష్టం, ఎందుకంటే ఈ సెట్టింగ్‌ని చెరిపేసే విధంగా మార్చుకునే వీలు కూడా ఉంటుంది.

పాత మెయిల్స్‌కి ఆ ఫోల్డర్లలో వెతుక్కోవాల్సిన పని లేదు. బ్రౌజర్‌లో జీమెయిల్ తెరిచి, సెర్చ్‌లో ఫ్రమ్ అని ఇంగ్లీషులో రాసి, కోలన్ పెట్టి, ఆ బయ్యర్ కంపెనీ మెయిల్ అడ్రస్‌లో ఎట్ గుర్తు తర్వాత ఉండే భాగం కొట్టండి. ఈ సీజన్‌వి కావలసినవి ఎంచుకుని మూవ్ టు ఇన్‌బాక్స్ చేయండి. ఏదైనా అక్కడ కూడా లేకుండా ఔట్‌లుక్ ఫోల్డర్‌లో మాత్రమే ఉంటే ఔట్‌లుక్‌లోనే దాన్ని పట్టి లాగి మీ అకౌంట్ ఇన్‌బాక్స్ మీద వదలండి, తిరిగి జీమెయిల్‌కి వచ్చేస్తుంది. అంతా సరిచూసుకున్నాకే ఔట్‌లుక్‌లోంచి అకౌంట్ తీసేయండి, అంతకుముందు ఆ డేటా ఫైల్‌కి ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. ఓనర్ వచ్చాక పాస్‌వర్డ్ మార్చండి, టూ స్టెప్ వెరిఫికేషన్ చూడండి, అప్పుడు ఎక్కడెక్కడ లాగిన్ అయి ఉన్నా అవి చాలావరకు తెగిపోతాయి.

రిటైర్డ్_లెక్చరర్

నేను యాహూ వాడుతాను, చాలా ఏళ్ల నాటి అకౌంట్. మా అబ్బాయి ఎప్పుడో అమెరికా వెళ్లేముందు అందులో ఏవో ఏర్పాట్లు చేశాడు, పెన్షన్‌కి సంబంధించిన మెయిల్స్ ఎక్కడికో వెళ్తున్నాయి. నాకు కూడా ఎవరైనా చెప్పగలరా?

పలమనేరు_అక్క

నమస్తే సార్. కంప్యూటర్‌లో యాహూ మెయిల్ తెరిచి సెట్టింగ్స్ నొక్కి, కింద మోర్ సెట్టింగ్స్‌లోకి వెళ్తే ఫిల్టర్స్ అని ఉంటుంది. దాని మీద నొక్కితే పేర్లు కనబడతాయి. ఒక్కో పేరు మీద నొక్కితే అది ఎవరి మెయిల్‌ని ఏ ఫోల్డర్‌లో వేస్తోందో చూపిస్తుంది. తీసేసే ముందు ఆ ఫోల్డర్ పేరు ఒక కాగితం మీద రాసుకోండి సార్, పాత మెయిల్స్ అందులోనే ఉంటాయి, తర్వాత వెతుక్కోవడం సులువవుతుంది. ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడే రాయండి, నేను సాయంత్రం చూస్తాను.

కొర్లగుంట_టెక్కీ

ఇదంతా చదివాక నాకైతే ఆఫీసు మెయిల్‌లో అసలు ఏ ఫిల్టరూ ఉండకూడదు అనిపిస్తోంది. ఉంటే ఎవరో ఒకరు వెళ్లిపోయాక ఇదే గొడవ.

పలమనేరు_అక్క

అట్లా అనకు తమ్ముడూ. మార్చిలో మా ఆఫీసుకి రోజుకి వచ్చే మెయిల్స్ నువ్వు చూడలేదు, లేబుల్స్ లేకపోతే మేము బతకలేం. మేము పెట్టుకున్న పద్ధతి ఏమిటంటే, ఫిల్టర్ లేబుల్ మాత్రమే వేస్తుంది. స్కిప్ ఇన్‌బాక్స్, మార్క్ యాజ్ రీడ్, డిలీట్, ఫార్వర్డ్, ఈ నాలుగూ ఎవరూ పెట్టకూడదు. మెయిల్‌ని ఇన్‌బాక్స్ నుంచి తీసేది మనిషే, చదివి పని అయ్యాకే తీయాలి. ఎవరైనా ఉద్యోగం మానేస్తే తాళాలు తీసుకున్నట్టే ఫిల్టర్స్ పేజీ కూడా వాళ్లతో కలిసి కూర్చుని చూస్తాం. ఆ పద్ధతి వచ్చాక మాకు మెయిల్ తప్పింది లేదు.

లాడ్జి_మేనేజర్_తిరుపతి

నేను అక్క పక్షమే. ఔట్‌లుక్ వాడేవాళ్లకి ఇంకో మాట చెబుతాను. అక్కడ రూల్స్ పైనుంచి కిందికి వరసగా నడుస్తాయి, ఒకదాంట్లో స్టాప్ ప్రాసెసింగ్ మోర్ రూల్స్ అని ఉంటే దానికి తగిలిన మెయిల్ మీద కింద ఉన్నవి పని చేయవు. మా దొంగ రూల్ అందరికంటే పైన ఉంది, ఆ టిక్ పెట్టి ఉంది. అందుకే జాబితాలో మొదటి లైన్ ముందు చూడండి. ఔట్‌లుక్ వెబ్‌లో ఒక్కో రూల్ పక్కన ఆన్ ఆఫ్ స్విచ్ ఉంటుంది, అనుమానం ఉంటే ముందు ఆఫ్ చేసి చూడొచ్చు. ఫోకస్డ్ ఇన్‌బాక్స్ అని ఇంకోటి ఉంటుంది, అది కూడా మెయిల్స్‌ని రెండుగా విడదీసి అదర్ అనే దాంట్లో పడేస్తుంది, మేము దాన్ని ఆపేశాం.

ఎస్వీయూ_ఎంసీఏ

టెక్కీ అన్నా, ప్రమోషన్స్ టిక్ తీసేశాను, అన్నీ ఒకే చోట కనబడుతున్నాయి. ఇంకో కంపెనీ టెస్ట్ లింక్ కూడా దొరికింది, దానికి ఇంకా గడువు ఉంది. రాత్రికి రాస్తాను.

మామిడిగుజ్జు_చిత్తూరు

ఓనర్ వచ్చారు, పాస్‌వర్డ్ మార్చాం, రికవరీ నంబర్ పాత అకౌంటెంట్‌ది ఉంటే తీసేసి ఓనర్‌ది పెట్టాం. వేబ్రిడ్జి కంప్యూటర్‌లోంచి అకౌంట్ తీసేశాం, డేటా ఫైల్ కాపీ బీరువాలో ఉంది. ఈరోజు ఆ కంప్యూటర్ పొద్దున్నుంచీ ఆన్‌లోనే ఉంది, బయ్యర్ మెయిల్స్ అన్నీ ఇన్‌బాక్స్‌లోనే ఉన్నాయి, ఒక్కటీ కదల్లేదు. ఆల్ మెయిల్‌లో వెతికితే జవాబు ఇవ్వని మెయిల్స్ ఇంకో రెండు బయటపడ్డాయి, ఒకటి ల్యాబ్ రిపోర్ట్ మళ్లీ పంపమని, ఇంకోటి డ్రమ్ముల మీద లేబుల్ మార్చమని. రెండింటికీ ఫోన్ చేసి చెప్పి మెయిల్ కూడా పెట్టాను. షిప్పింగ్ ఏజెంట్ తర్వాతి ఓడకి చోటు చూస్తానన్నాడు. సామి గారికి, అక్కకి, లాడ్జి అన్నకి, టెక్కీ అన్నకి, తమ్ముడికి అందరికీ థాంక్స్. అక్కా, మీ నాలుగు నిషేధాల మాట ప్రింట్ తీసి మా ఆఫీసు గోడకి అంటిస్తున్నాను.

రిటైర్డ్_లెక్చరర్

పలమనేరు అమ్మాయికి ధన్యవాదాలు. మోర్ సెట్టింగ్స్ దాకా వెళ్లాను, ఫిల్టర్ దొరికింది, ఫోల్డర్ పేరు రాసుకున్నాను. బ్యాంకు పేరు ఉన్న మెయిల్స్ అన్నీ అందులోకి పోతున్నాయి. తీసేశాను. పాతవి ఆ ఫోల్డర్‌లో చాలా ఉన్నాయి, లైఫ్ సర్టిఫికెట్ గురించి వచ్చినవి ముందు చూస్తున్నాను.